పాఠంలో మన ఇల్లు ఎక్కడ? చిత్తూరు సీమ బడుల చరిత్ర చెప్పే సంగతి



కాణిపాకం పేరు తెలియనివాళ్లు మన జిల్లాలో ఉండరు. ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దలు చెప్పే కథ కూడా మీలో చాలామంది వినే ఉంటారు. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క కాణి నేల. బావికి ఏతం కట్టి నీళ్లు తోడి సేద్యం చేసుకునేవారు. ఒక ఎండాకాలం బావి ఎండిపోయింది. ఇంకా లోతుకు తవ్వుతుంటే గడ్డపారకు రాయి తగిలి నెత్తురు చిమ్మింది. అక్కడే వరసిద్ధి వినాయకుడు వెలిశాడని కథ. కాణి అంటే మడి, పారకం అంటే ఆ మడిలోకి నీళ్లు పారడం. కాణిపారకం కాలక్రమంలో కాణిపాకం అయింది.

ఈ కథను భక్తితో వింటాం. ఒక్కసారి బడిపంతులు కంటితో కూడా చూడండి. కాణి అనేది లెక్క. పాత తెలుగు లెక్కల్లో కాణి అంటే అరవై నాలుగో వంతు. రూపాయిలో అరవై నాలుగో వంతుకు చెల్లిన నాణేన్నీ కానీ అనేవారు. ఏతం అనేది సామాన్య శాస్త్రం. కర్ర ఒక కొనకు బరువు, ఇంకో కొనకు బాన, నడుమ ఆనుడు. పక్కనే పారే బాహుదా నది భూగోళం. ముగ్గురు అన్నదమ్ములు ఒకరి లోటు ఒకరు పూడ్చుకుని బతకడం తెలుగు వాచకంలో చక్కగా ఒదిగే పాఠం. ఒక్క ఊరి పేరులో నాలుగు సబ్జెక్టులు ఉన్నాయి.

మరి ఆ ఊరి చుట్టుపక్కల ఎరుకల కాలనీలో, యానాది కాలనీలో, సుగాలి తండాలో పుట్టిన పిల్లవాడికి బడిలో మొదటి రోజు దొరికే పుస్తకంలో ఆ ఊరు ఉంటుందా? వాడి ఇల్లు ఉంటుందా? వాడి అమ్మ మాట ఉంటుందా? మన పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని అడిగేవాళ్లు చాలామంది. పుస్తకంలో వాళ్లు ఎక్కడ ఉన్నారని అడిగేవాళ్లు తక్కువ. ఈ సంచిక కోసం నేను రాస్తున్నది ఆ రెండో ప్రశ్న చరిత్ర.

పోలీసుతో కలిసి వచ్చిన బడి

మన కులాల్లో కొన్నింటికి బడి మొదట వరంగా రాలేదు. 1871లో తెల్లవాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. అప్పుడు చిత్తూరు సీమ అంతా మద్రాసు రాజధానిలోనే ఉంది. ఈ చట్టం కింద ఒక తెగలో పుట్టడమే అనుమానానికి చాలిన కారణం అయింది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. ఎరుకలవారిలో చాలా కుటుంబాలు ఈ ఉచ్చులో పడ్డాయి.

అదే చట్టంలో ఇంకొక నిబంధన ఉంది. అది మన యువతలో చాలామందికి తెలియదు. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్ల లోపు ఉన్న పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే ఆ బడికి పాఠ్య ప్రణాళిక ఒక్కటే: నీ అమ్మానాన్నల బతుకు తప్పు, దాన్ని మరిచిపో. సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో బడులు వచ్చాయి. అక్కడ చదివి పైకొచ్చిన వాళ్లూ ఉన్నారు, ఆ మేలు కాదనలేం. కానీ బడి, కాపలా ఒకే ఆవరణలో ఉన్నాయన్నదీ మరువలేం. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మన పెద్దవాళ్లలో బడి అంటే ఉన్న బెదురు మాత్రం చట్టంతో పాటు రద్దు కాలేదు. మా అవ్వ బడి మెట్లు ఎక్కడానికి చివరిదాకా జంకేది. దాన్ని అజ్ఞానం అనుకునేవాణ్ణి. చరిత్ర చదివాక కారణం తెలిసింది.

సవరల పలక మీద సవర మాట

అదే కాలంలో, అదే మద్రాసు రాజధాని ఉత్తరపు కొసన ఇంకొక రకం బడి నడిచింది. గిడుగు వెంకట రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గుర్తుపెట్టుకుంటాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. ఆ ఉద్యమానికి ముందే ఆయన చేసిన పని సవరల కోసం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఈ కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే, అది వద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి తెరవండి అన్నారట. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది.

రెండు బడులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక బడి పిల్లవాణ్ణి ఇంటి నుంచి విడదీయడంతో మొదలైంది. ఇంకొకటి పిల్లవాడి ఇంట్లో వినబడే మాటతో మొదలైంది. పాఠ్య ప్రణాళిక అంటే సిలబస్ కాగితం అనుకుంటాం. అసలు విషయం ఆ మొదలులోనే ఉంది.

మన జిల్లాలోనే తయారైన నిచ్చెన

ఇప్పుడు మన సీమకు వద్దాం. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరు మీరు విన్నారు. ఆయన ఆశయాలతో మదనపల్లె దగ్గర నడుస్తున్న రిషివ్యాలీ పాఠశాల పేరూ విన్నారు. ఖర్చు పెట్టగలిగినవాళ్ల పిల్లలు చదివే బడి అని మనకు తెలిసిందల్లా అంతే. కానీ ఆ లోయ చుట్టూ పల్లెల్లో 1980ల చివర ఇంకొక పని మొదలైంది. అది ఒకే గది, ఒకే టీచర్ ఉన్న పల్లె బడుల పని. దాన్ని ముందుండి నడిపింది పద్మనాభరావు, రామ దంపతులు. ఆ పల్లెలు అప్పట్లో చిత్తూరు జిల్లాలోనివే.

ఆ బడులు ప్రత్యేకంగా గిరిజనుల కోసం పెట్టినవి కావు. కానీ వాటి సమస్య అచ్చంగా మన సమస్యే. ఒక గదిలో ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల పిల్లలు. చదివించడానికి ఇంట్లో అక్షరం తెలిసినవాళ్లు లేరు. వేరుశనగ పీకే రోజుల్లోనో, మేకలు కాయాల్సి వచ్చినప్పుడో పిల్లలు బడికి రారు. పది రోజుల తరువాత వస్తే పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఇంకో పది రోజులు చూసి పిల్లవాడే మానేస్తాడు.

మామూలు పాఠ్యపుస్తకం రైలు లాంటిది. టైముకు బయలుదేరుతుంది, ఎక్కనివాళ్ల కోసం ఆగదు. రిషివ్యాలీ వాళ్లు చేసిన పని ఏమిటంటే, ఆ పుస్తకాన్ని విప్పేశారు. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు. అక్షరం రాని పిల్లవాడు కూడా తన కార్డు వెతుక్కునేలా వాటి మీద జంతువుల బొమ్మల్లాంటి గుర్తులు. గోడకు ఒక పెద్ద నిచ్చెన పటం. పిల్లవాడు బడికి వచ్చి, తాను నిన్న ఏ మెట్టు మీద ఆగాడో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని కూర్చుంటాడు.

ఎక్కడ కూర్చోవాలన్నదీ కార్డే చెబుతుంది. కొత్త సంగతి నేర్చుకునే పిల్లలు టీచర్ దగ్గర కూర్చుంటారు. కాస్త సాయం చాలినవాళ్లు ఒక గుంపు. ఒకరికొకరు నేర్పుకునేవాళ్లు ఇంకొక గుంపు. సొంతంగా చేసుకునేవాళ్లు మరొక గుంపు. ఒక్క టీచర్ ముప్పై మందికి ఒకేసారి చెప్పాల్సిన పని తప్పింది, అప్పుడు ఎవరికి అవసరమో వాళ్ల దగ్గర కూర్చునే వీలు వచ్చింది. ప్రతి మెట్టులోనూ ముందు పరిచయం, తరువాత అభ్యాసం, ఆ తరువాత వచ్చిందో లేదో చూసే కార్డు. రాకపోతే మళ్లీ నేర్పే కార్డులు, వస్తే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లే కార్డులు. తప్పాడు, పాసయ్యాడు అనే మాటే లేదు.

ఇందులో మనకు ముఖ్యమైన సంగతి ఇది. పిల్లవాడు నెల రోజులు ఇటుక బట్టీకో, చెరకు కోతకో అమ్మానాన్నల వెంట పోయి వచ్చినా, నిచ్చెన మీద వాడి మెట్టు వాడి కోసం అక్కడే ఉంటుంది. వెనకబడ్డాడని ఎవరూ అనరు, ఆగిన చోటి నుంచి ఎక్కుతాడు. మన పిల్లల చదువు తెగేది సరిగ్గా ఆ నెల రోజుల దగ్గరే కదా!

ఇంకో రెండు సంగతులు. ఆ బడుల్లో చెప్పడానికి పట్నం నుంచి పండితులను తేలేదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాస్త చదువుకున్న యువతీ యువకులకే శిక్షణ ఇచ్చారు. పల్లె కథలు, పాటలు పాఠాల్లోకి వచ్చాయి. మెట్రిక్ మేళా అని పిల్లల సంత పెట్టేవారు. పిల్లలే కూరగాయలు తూచి, కొలిచి, అమ్మి, చిల్లర లెక్క చెబుతారు. అక్షరం రాని తల్లి ఆ సంతకు వచ్చి బేరమాడుతుంది. ఆ రోజు బడిలో లెక్కలు ఎవరికి బాగా వచ్చో వేరే చెప్పాలా?

హద్దులు దాటిన పెట్టె

ఈ కార్డుల పెట్టెకు ‘పెట్టెలో బడి’ అనే పేరు వచ్చింది. 1995లో కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు యునిసెఫ్ సాయంతో రిషివ్యాలీ వచ్చి చూసి వెళ్లారు. జేను కురుబల వంటి ఆదివాసులు ఎక్కువగా ఉండే తాలూకా అది. వాళ్లు మన తెలుగు కార్డులను కన్నడంలోకి దించుకుని ఊరుకోలేదు. తామే కూర్చుని తమ పిల్లలకు తగిన కార్డులు రాసుకున్నారు. దానికి ‘నలి కలి’ అని పేరు పెట్టారు. ఆడుతూ నేర్చుకోవడం అని అర్థం. అక్షరాలను అ, ఆ, ఇ, ఈ వరుసలో కాకుండా, రాయడానికి తేలికై, వెంటనే మాటలు కట్టడానికి వీలైన ర, గ, స, ద, అ వరుసలో నేర్పారు. అక్షరమాల వరుస దేవుడు పెట్టింది కాదని, పిల్లవాడి కోసం మార్చుకోవచ్చని వాళ్లకు తోచింది. తరువాత అది కర్ణాటక రాష్ట్రమంతా పాకింది. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఇదే దారి మొదలై, 2007 నాటికి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ చేరింది.

అన్నీ సవ్యంగా జరిగాయని మాత్రం చెప్పను. ఒక టీచర్ తన పిల్లల కోసం తయారుచేసుకున్న కార్డు, రాజధానిలో లక్షల్లో అచ్చయి వచ్చిన కార్డు ఒకటి కావు. పెద్ద తరగతుల్లో టీచర్ల సమయం కార్డులు సర్దడానికే సరిపోయిందన్న ఫిర్యాదులు వచ్చాయి. పెట్టె ఒక్కటే ప్రయాణం చేసి, దాన్ని తయారుచేసిన ఆలోచన ప్రయాణం చేయకపోతే జరిగేది అదే. హెగ్గడదేవనకోటె టీచర్లు గెలిచింది పెట్టెను తెచ్చుకున్నందుకు కాదు, తమ పెట్టెను తామే చేసుకున్నందుకు.

ఎనిమిది భాషలు, అందులో మనం

చట్టంలో మన భాషకు చోటు లేదనుకోకండి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు గురించి చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. బడి చదువును బడి బయటి బతుకుతో కలపాలని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానమూ మాతృభాష మాటే చెప్పింది.

మన రాష్ట్రంలో దీన్ని ఆచరణలో పెట్టిన పెద్ద ప్రయత్నం 2004లో మొదలైన బహుభాషా విద్య. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. తెలుగు లిపిలోనే ఆ భాషలను రాశారు. మొదట ఇంటి భాషలో చదవడం నేర్చుకుని, మెల్లగా తెలుగులోకి దాటడం దాని పద్ధతి. 240 బడుల్లో మొదలైంది. ఆ భాష తెలిసిన టీచర్లు దొరకడమే దానికి పెద్ద పరీక్ష అయింది.

ఆ ఎనిమిదిలో సుగాలీల బంజారా ఉంది. సంతోషం. ఎరుకల భాష లేదు. తమిళానికి దగ్గరగా ఉండే ఆ భాష మా ఇళ్లలో ముసలివాళ్ల నోట మాత్రమే మిగులుతోంది. నక్కలవారి వాగ్రి మాటా లేదు. యానాదులు మాట్లాడేది తెలుగే. కానీ వాళ్ల తెలుగు పుస్తకం తెలుగు కాదు, కాబట్టి బడిలో వాళ్ల మాటను తప్పు మాటగా దిద్దుతారు. అడవుల్లో, కొండల్లో గుంపుగా ఉండే తెగలకు పథకం వేయడం తేలిక. మైదానంలో ఊరికి పది ఇళ్లుగా చెదిరి ఉన్న మనల్ని ఏ పథకమూ తేలిగ్గా పట్టుకోలేదు. అందుకే మన పని మనమే మొదలుపెట్టాలి.

ఇంగ్లీషు కావాలి కదా, ఇంటి భాష ఎందుకని మీరు అడుగుతారు. మన తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరడంలో తప్పు లేదు. మన పిల్లలకు అది దక్కాల్సిందే. కానీ మెట్టు తరువాత మెట్టు ఎక్కాలి. యాడి అనే మాటతో మొదలుపెట్టిన సుగాలి పాప అమ్మ దగ్గరికి, అక్కడి నుంచి ఇంగ్లీషు మాట దగ్గరికి ధైర్యంగా పోతుంది. కింది మెట్టు తీసేసి పై మెట్టు ఎక్కమంటే పడిపోతుంది. పడిపోయాక ఆ పాపకే చదువు అబ్బలేదంటారు.

అవ్వ బుట్టలో బేసి సంఖ్య

చిన్నప్పుడు బడిలో సరి సంఖ్య, బేసి సంఖ్య అని చెబితే నాకు బుర్రకెక్కలేదు. ఎందుకు తెలుసుకోవాలో కూడా అర్థం కాలేదు. ఇంట్లో మా అవ్వ వెదురు దబ్బలతో బుట్టలు అల్లేది. ఒకే దబ్బను నిలువు దబ్బల మీద నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి తిప్పుకుంటూ పోవాలంటే నిలువు దబ్బలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టు కూడా మొదటి చుట్టు పోయిన దారినే పోతుంది, బుట్ట బిగవదు. అవ్వ ఒక దబ్బను చీల్చి రెండు చేసి లెక్క సరిచేసేది. ఆమెకు బేసి అనే మాట తెలియదు, దాని అవసరం తెలుసు. నాకు మాట చెప్పారు, అవసరం చెప్పలేదు. బడి, అవ్వ ఒక్కరోజు కలిసి కూర్చుని ఉంటే నాకు లెక్కల భయం ఉండేది కాదు.

ఇలాంటి పాఠాలు మన ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఉప్పు ఎరుకల, దబ్బల ఎరుకల, కుంచె ఎరుకల అనే పేర్లలోనే ఒక వ్యాపార చరిత్ర ఉంది. ఎవరు ఉప్పు మోశారు, ఎవరు వెదురు చీల్చారు, ఎవరు నేతగాళ్లకు కుంచెలు కట్టారు అన్నది అందులో ఉంది. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశం తిరిగిన లంబాడీల దారులు భూగోళ పాఠం. వాళ్ల ఆడవాళ్లు కుట్టే అద్దాల పని రేఖాగణితం. ఎలుక బొరియకు ఎన్ని దారులుంటాయో, పాము ఏ కాలంలో ఎక్కడ ఉంటుందో చెప్పే యానాది తాత జీవశాస్త్రం. మన పొరుగున తమిళనాడులో ఇరుళవారు 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. పాము కాటు మందు తయారీకి కావలసిన విషం ఆ సంఘం నుంచి వెళుతోంది. ఆ సంఘంలోని ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్య వాళ్లకు ఏ పుస్తకం నేర్పలేదు.

మన వంతు

మిత్రులారా, ఈ చరిత్ర అంతా చెప్పింది ఒక్క మాట కోసం. పాఠ్య ప్రణాళిక మనుషులు తయారుచేసేది. ఒక కాలంలో మనల్ని మన ఇళ్ల నుంచి విడదీయడానికి తయారుచేశారు. ఇంకొక కాలంలో మన పక్క పల్లెల్లోనే, మనలాంటి కొద్దిపాటి చదువున్న యువకులు కూర్చుని పిల్లవాడి కోసం ఆగే పాఠాలు చేశారు. రెండోది మనమూ చేయగలం.

చేయడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. మీ కాలనీలో ముసలివాళ్ల దగ్గర కూర్చుని వంద మాటలు, పది కథలు ఫోన్‌లో రికార్డు చేయండి. తెలుగు లిపిలో రాసి, ఒక్కో అట్టముక్క మీద ఒక మాట, ఒక బొమ్మ వేయండి. బుట్ట, వల, అద్దాల రవిక, ఏతం, కాణి మొదలైన వాటి నుంచి ఒక్కో లెక్క తయారుచేయండి. సాయంత్రం కాలనీ పిల్లలను కూర్చోబెట్టి వాటితో ఆడించండి. ఏ కార్డు పని చేయలేదో పిల్లలే చెబుతారు, దాన్ని మార్చండి. వలస పోయి వచ్చిన పిల్లల పేర్లు రాసిపెట్టుకుని, వాళ్లు ఆగిన మెట్టు నుంచి ఎక్కించండి.

ఇంకొకటి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, వెనకబడిన వర్గాలకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. మీ బడి కమిటీలో మన అక్కలు, వదినలు ఎందరున్నారో కనుక్కోండి. లేకపోతే అడగండి. కమిటీలో కూర్చున్న అమ్మ, ఏడాదికొక రోజు బుట్ట అల్లే అవ్వను బడికి పిలవండని అడిగితే ఏ హెడ్మాస్టరూ కాదనడు.

కాణిపాకంలో ప్రమాణం చేస్తే అబద్ధం చెప్పరని మన సీమలో నమ్మకం. ఈసారి స్వామి దర్శనానికి వెళ్లినప్పుడు కోనేటి దగ్గర ఒక నిమిషం నిలబడి ఒక మాట అనుకోండి. మా కాలనీలో ఈ ఏడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఐదో తరగతి దాటేదాకా నేను వెంట ఉంటాను అని. ఆ బిడ్డ పేరు కూడా చెప్పండి.